ముప్ఫై ఇళ్ళు ఖాళీ అయిన రోజు

నాకు అనుమానం ఎక్కువ. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నాతో పనిచేసినవాళ్ళు ఎవరు మీకు ఎదురుపడినా మొదట చెప్పేది అదే కాబట్టి, నేనే ముందు చెప్పేస్తున్నాను. గ్యాస్ కట్టేశానని మా ఆవిడ చెప్పినా వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. గేటుకి తాళం వేసి, వీధి చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి ఆ తాళం లాగి చూసేవాణ్ణి. "అనుమానం పెనుభూతం అంటారు. మనింట్లో ఆ భూతానికి రేషన్ కార్డు ఒక్కటే తక్కువ" అనేది మా ఆవిడ.

ఇలాంటివాడికి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం బాగా అచ్చొస్తుంది. బందరు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్ళ పైచిలుకు కంప్యూటర్ ల్యాబులు చూశాను. రోజూ గుడివాడ నుంచి వెళ్ళి రావడం. రిటైరై మూడేళ్ళయింది. అలాంటి కుర్చీల్లో కొత్తగా కూర్చున్న మీబోటివాళ్ళు ఫోన్ చేసి "సార్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటే, తుఫాను రోజున సర్వర్ని బల్ల మీదకి ఎక్కించిన కథ చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆ కథలో నేను హీరోని మరి. ఇవాళ చెప్పబోయే దాంట్లో కాదు.

ముందు కాస్త పని సంగతి చెప్పాలి. ఓపిక పట్టండి, కాసేపే.

మా లినక్స్ సర్వర్లో, అంటే ల్యాబులన్నిటికీ కలిపి ఉన్న పెద్ద కంప్యూటర్లో, ప్రతి విద్యార్థికీ ఒక హోమ్ డైరెక్టరీ ఉండేది. ఏ కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ అయినా ఎవరి ఫైళ్ళు వాళ్ళకి కనబడేవి. దాన్ని మేం 'ఇల్లు' అనేవాళ్ళం. ప్రాక్టికల్ పరీక్షలప్పుడు మాత్రం ఇళ్ళు తెరిచి పెడితే కాపీలే కాపీలు. అందుకని అదే సర్వర్లో, మిగతా వాటితో ఏ సంబంధమూ లేకుండా, ఒక విడి లినక్స్ తయారుచేసేవాణ్ణి. దాని పేరు 'పరీక్ష గది'. అందులో కూర్చున్నవాడికి ఇంటర్నెట్ ఉండదు, పక్కవాడి ఫైలు ఉండదు, బయట ప్రపంచం ఉన్నట్టే తెలీదు. సాయంత్రం పరీక్ష అవగానే గదిని కూల్చేస్తాం, అంటే అందులో ఉన్నదంతా చెరిపేస్తాం. మర్నాటికి మళ్ళీ కొత్త గది. ఈ కట్టడానికీ కూల్చడానికీ నేనొక స్క్రిప్టు రాసుకున్నాను. స్క్రిప్టంటే ఏముంది, కంప్యూటరుకి వరసగా పనులు పురమాయించే చీటీ. ఏళ్ళ తరబడి చెప్పినట్టు విన్నది.

ఆ ఏడాది కొత్త రూలు వచ్చింది. ఏడాది పొడుగునా చేసిన రికార్డు ప్రోగ్రాముల్ని కూడా పరీక్షలోనే ఎగ్జామినరు చూడాలట. అంటే గదిలో కూర్చున్నవాడికి వాడి ఇల్లు ఒక్కటీ కనబడాలి. ఇళ్ళన్నీ కాపీ చేసి గదిలో పెడదామంటే సర్వర్లో చోటు లేదు. అందుకని ఒక్కో ఇంటికీ గదికీ మధ్య ఒక్కో తలుపు పెట్టాను. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు: ఆ తలుపులోంచి కనిపించేది ఇంటి ఫొటో కాదు, అసలు ఇల్లే. గదిలో నిలబడి ఆ ఇంట్లో ఫైలు చెరిపితే అది నిజంగానే పోతుంది. కాబట్టి గది కూల్చే ముందు తలుపులన్నీ మూయాలి. స్క్రిప్టులో ఆ పని కూడా చేర్చాను. తలుపులు మూయి, తర్వాత గది కూల్చు. ఒకసారి నడిపి చూశాను, బాగానే ఉంది. ఎర్రర్లు వస్తే తెర మీద గోల లేకుండా ఒక ఫైల్లోకి మళ్ళించి, ఆఖర్న 'పని పూర్తయింది' అని రాయించి, చేతులు దులుపుకున్నాను.

సర్వరు మొత్తానికి తాళంచెవి లాంటిది రూట్ పాస్‌వర్డు. అది ఇద్దరి దగ్గరే ఉండేది. నా దగ్గర, మా ల్యాబ్ ప్రోగ్రామరు దగ్గర.

ఆమెకి ముప్ఫై దాటాయి. బంటుమిల్లి అవతల ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న ఆ ఊరి చర్చిలో పాటలు పాడించేవాడు. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివిందీ, కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేసిందీ ఆమే మొదలు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా వేసవిలో కాగితం తిరగరాయాలి. ఆ ఏడాది పర్మనెంటు చేస్తారని కాలేజీలో మాట వినబడుతోంది. పని మంచిదే, మాట తక్కువ. సాయంత్రం గది కూల్చే స్క్రిప్టు నడిపేది ఆమే. నేను అప్పటికే గుడివాడ బస్సెక్కి ఉండేవాణ్ణి.

పరీక్షలు మొదలైన రెండోరోజు పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చాడు. మోపిదేవి వైపు పిల్లాడు.

"సార్, నా ఇంట్లో ఏం లేదండీ. అంతా ఖాళీ."

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు. నొక్కేది మీరు, ఏడ్చేది నా దగ్గర" అని కసిరి, బ్యాకప్ నుంచి తెచ్చి ఇచ్చాను. బ్యాకప్ పదిహేను రోజులకోసారి తీసేవాళ్ళం. ఆ మధ్యలో చేసిన పని పోయినట్టే.

మర్నాడు ఇంకో ఇద్దరు. నాలుగో రోజున ఒకడు. అందరివీ ఇళ్ళు తుడిచిపెట్టినట్టు ఉన్నాయి, ఒక్క ఫైలు కూడా మిగల్లేదు. అప్పుడు నా భూతం లేచి కూర్చుంది.

మొదట పిల్లల్నే అనుమానించాను. తర్వాత ఏసీ బాగుచేయడానికి వచ్చినవాణ్ణి. ఆ తర్వాత రికార్డు బండిళ్ళు మోసుకొచ్చే అటెండరుని కూడా వదల్లేదు. పాపం ఆయనకి మౌస్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదు. చివరికి ఒక కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఇంకొకరి ఇంటిని మొత్తం చెరపాలంటే రూట్ పాస్‌వర్డు కావాలి. అది ఉన్నది ఇద్దరికి. నేను చెరపలేదు. కాబట్టి ఆమె చెరిపింది. ఇంతకంటే తిరుగులేని లెక్క ఏముంటుంది చెప్పండి! నేను తాళం వేసిన గేటుని వెనక్కొచ్చి లాగి చూసేవాణ్ణే గానీ, నేను రాసిన స్క్రిప్టుని ఒక్కసారైనా తెరిచి చూడాలని తోచలేదు. నా మీద నాకు అనుమానం రాదు కదా.

ఒకసారి ఆమే అనుకున్నాక, ఇక సాక్ష్యాలు వాటంతట అవే వచ్చి పడ్డాయి. అందరూ తొమ్మిదిన్నరకి వస్తే ఆమె ఎనిమిదికే ఎందుకొస్తోంది? నేను ల్యాబులోకి అడుగుపెట్టగానే తెర మీద ఏదో గబుక్కున మూసేస్తోంది, ఏమిటది? మెళ్ళో ఐడీ కార్డుతో పాటు ఆ పెన్‌డ్రైవు దేనికి? ఇళ్ళు పోయిన నలుగురూ దివిసీమ బస్సులో వచ్చేవాళ్ళే. మిగతా బస్సుల పిల్లల్లో ఒక్కడిదీ పోలేదు. ఎందుకని? దానికీ జవాబు దొరికింది. డిసెంబరులో ఆ బస్సు పిల్లలు కొందరు ఆమె మాట తీరుని వెక్కిరిస్తూ ల్యాబులో నవ్వితే ఆమె ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేసింది. ఆయన వాళ్ళని ఏమీ అనకుండా పంపేశారు. ఇంకేం, కక్ష కూడా కుదిరింది.

అదే వారంలో ఆమె నా దగ్గరకొచ్చింది.

"సార్, ఆ స్క్రిప్టు ఒకసారి చూడొచ్చాండీ? ఎర్రర్ల ఫైలు రోజురోజుకీ పెరుగుతోంది. ఆ రెండూ తెరవడానికి నాకు పర్మిషన్ పెట్టలేదు మీరు. పాస్‌వర్డు ఉంది గానీ, మిమ్మల్ని అడక్కుండా తెరవడం బాగోదని."

"అది నేను రాసింది. నడపడం వరకే నీ పని" అన్నాను.

"సరేనండీ" అని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఇనప్పెట్టె తాళం నమూనా అడగడానికి వచ్చిన మనిషిలా కనబడింది. అడక్కుండా తెరవడం బాగోదని అన్న మాట ఆ క్షణంలో నా చెవికి ఎక్కనే లేదు. ఎక్కి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

తర్వాత నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి, "నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదండీ. పాస్‌వర్డు మాత్రం ఇద్దరి దగ్గరే ఉంది" అన్నాను. అంతే అన్నాను. పేరు ఎత్తలేదు, అబద్ధం ఆడలేదు. అలా అనడం ఎంత తేలికో, ఎంత సుఖమో మీకూ ఎప్పుడో తెలిసొస్తుంది, తెలియకపోతే అదృష్టవంతులు. రెండు రోజుల్లో కాలేజీ అంతా తెలిసిపోయింది. ఆమె స్టాఫ్ రూములోకి వస్తే లాప్‌టాప్‌లు మూతపడేవి. మధ్యాహ్నం ఆమెతో కలిసి బాక్సు తెరిచే ఇద్దరు మేడములు క్యాంటీనుకి మారిపోయారు. ఆమె ఒక్కతే ల్యాబులో కూర్చుని తినేది. ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ఆమె జవాబు చెప్పుకోవడానికి కూడా లేకపోయింది.

ఆఖరి సంవత్సరం వాళ్ళ చివరి ప్రాక్టికల్ రోజు వచ్చింది. ముప్ఫైమంది. సోమవారం ప్రాజెక్టులు ఇవ్వాలి, అవి కూడా వాళ్ళ ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఇవాళ కచ్చితంగా ఏదో చేస్తుంది, పట్టుకోవాలి అనుకున్నాను. ఒక చిన్న కాపలా ప్రోగ్రాము రాశాను. అది ఒక ఇంట్లో కూర్చుని, ఆ ఇంట్లో ఏ ఫైలుని ఎవరు ముట్టుకున్నారో గంటా నిమిషంతో సహా సర్వర్లో వేరే చోట రాసిపెడుతుంది. పరీక్ష గదిలోంచి, ముప్ఫై తలుపుల్లోంచి, ముప్ఫై ఇళ్ళల్లో ముప్ఫై కాపలాల్ని కూర్చోబెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆమెకి అనుమానం రాకూడదని, రోజూలాగే సంచీ భుజాన వేసుకుని, "వెళ్ళొస్తానమ్మా" అని కూడా చెప్పి గుడివాడ బస్సెక్కాను. బస్సులో నిద్ర కూడా పట్టింది.

తెల్లారి వెళ్ళేసరికి ల్యాబు ముందు గుంపు. ముప్ఫై ఇళ్ళూ ఖాళీ.

నిజం చెప్పమంటారా? ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది బాధ కాదు, సంతోషం. దొరికింది అనుకున్నాను.

గుంపులోంచి ఒక అమ్మాయి ముందుకొచ్చింది. గిలకలదిండి పిల్ల, వాళ్ళ నాన్న బోటు మీద పనిచేస్తాడు. హార్బర్లో చేపల వేలం ధరలు ఎప్పటికప్పుడు ఫోన్లో కనబడేలా ఒక ప్రోగ్రాము చేసింది. దానికోసం వేలం దగ్గర నిలబడి, ఏ చేప ఎంతకి పోయిందో రోజూ రాసుకొచ్చి ఎక్కించేది. అందరూ ఏడుస్తుంటే ఆ అమ్మాయి ఏడవలేదు.

"ఎవరు చేశారో మీకు తెలుసాండీ సార్?" అని అడిగింది.

నేను ప్రోగ్రామరు కుర్చీ వైపు చూశాను. నా చూపు వెంట ఆ అమ్మాయీ చూసింది, ఆ వెనక ముప్ఫైమందీ చూశారు. ఆ రోజు బస్సు ఆలస్యమై ఆమె అప్పుడే వచ్చి కూర్చుంది. ఇంకా చున్నీకి అంటిన బస్సు దుమ్ము కూడా దులుపుకోలేదు. మా అందర్నీ చూసి తల దించుకుంది. చూశారా, తల దించుకుంది అనుకున్నాను.

కాపలా ప్రోగ్రాము రాసిన కాగితాలు ప్రింటు తీశాను. సాయంత్రం ఐదు గంటల ఐదు నిమిషాలకి, ఆమె లాగిన్ నుంచి, రూట్ అధికారంతో, ముప్ఫై ఇళ్ళల్లో ఫైళ్ళన్నీ వరసగా చెరిగిపోయాయి. ఆమె పేరున్న చోటల్లా పసుపు రంగు గీశాను. వెనకాల స్క్రిప్టు ఎర్రర్ల ఫైలు కూడా జతచేశాను, కట్ట బరువుగా కనబడుతుందని. దాన్ని నేను చదవలేదు.

పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాం. ప్రిన్సిపాల్, కాలేజీ సెక్రటరీ, నేను. ఆమె నిలబడింది. సెక్రటరీ గారు దివిసీమ రైతు, వరి పొలాలూ రొయ్యల చెరువులూ ఉన్న మనిషి. కంప్యూటర్ల సంగతి తెలీదు గానీ మనుషుల సంగతి తెలుసని ఆయన నమ్మకం. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. ఉద్యోగం నుంచి తొలగింపు, పైన పోలీసు ఫిర్యాదు. సంతకం ఒక్కటే తరువాయి.

"ఏమ్మా, మా వైపు పిల్లలంటే నీకెందుకంత కక్ష?" అన్నారు సెక్రటరీ గారు.

"నాకెవరి మీదా కక్ష లేదండీ."

"ఆ మెళ్ళో డ్రైవేంటి?"

ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. "ఈస్టరుకి మా చర్చిలో పాడే పాటలండీ. నాన్నకి కళ్ళు ఆనడం లేదు, పెద్ద అక్షరాల్లో టైపు చేసి ఇస్తున్నాను. పొద్దున్నే వచ్చేది అందుకే. కాలేజీ కంప్యూటర్లో సొంత పని చేయకూడదు, సార్ వస్తే మూసేసేదాన్ని. అది మాత్రం నా తప్పేనండీ."

నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అయినా భూతం ఊరుకుంటుందా, పాటలు పైకి, లోపల ఇంకేముందో అంది.

"పాటల సంగతి అలా ఉంచమ్మా. దీనికేమంటావు?" అని ప్రిన్సిపాల్ గారు నా కాగితాల కట్ట ముందుకు తోశారు.

ఆమె నిలబడే చదివింది. పసుపు గీతల్ని వేలితో దాటుకుంటూ వెళ్ళి, వెనక జతచేసిన కాగితాలకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిప్పింది. ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నావైపు చూసింది.

"సార్, ఇది చదివారాండీ?"

"ఏముంది అందులో?"

"తలుపు మూయడం కుదరలేదు, లోపల ఎవరో ఉన్నారు అని ఉందండీ. ముప్ఫైసార్లు ఉంది. తలుపు మూసుకోకపోయినా మీ స్క్రిప్టు ఆగలేదు సార్. గది కూల్చుకుంటూ ఇళ్ళల్లోకి వెళ్ళిపోయింది." కాగితం నాకు దగ్గరగా పెట్టింది. "లోపల ఎవరున్నారో మీ కాపలా కాగితంలోనే ఉంది. ముప్ఫై ఇళ్ళల్లోనూ మీ పేరే ఉంది."

నేను కాగితం అందుకోలేదు. అక్కర్లేకపోయింది.

"మొదట పోయిన నలుగురు దివిసీమ బస్సు వాళ్ళు కదండీ" అంది ఆమె, ఇంకా మామూలు గొంతుతోనే. "ఆ డ్రైవరు మూడో హారను కొడితే ఇక ఎవరి కోసమూ ఆగడు. వీళ్ళు ఉన్నపళాన లేచి పరిగెడతారు. లాగౌట్ అవరు. తలుపులో కాలు పెట్టి వెళ్ళిపోయినట్టే. నేనేమో కింద 'పని పూర్తయింది' అని వస్తే అయిందనుకుని ఇంటికి వెళ్ళేదాన్ని."

నేను పెట్టిన కాపలాలే తలుపుల్ని మూసుకోనివ్వలేదు. నేను పట్టుకుందామని వాటిని కూర్చోబెట్టకపోయి ఉంటే ఆ రోజు ఒకటో రెండో ఇళ్ళు పోయేవి. నా అనుమానం ముప్ఫై చేసింది.

"ఏమంటోందండీ ఆవిడ? నాకేం అర్థం కాలేదు" అన్నారు ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి. సెక్రటరీ గారూ నన్నే చూస్తున్నారు. ఆ గదిలో ఆమె మాట అర్థమైంది నాకొక్కడికే. "ఏదో సాంకేతికంగా తప్పించుకోవాలని చూస్తోందండీ" అంటే చాలు, ఆ కాగితం మీద సంతకం పడిపోతుంది. నాకు రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళు ఉంది. ఇన్నేళ్ళ పేరు ఉంది. బల్ల మీద గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను. చెప్పకూడదనిపించింది. మీ దగ్గర దాచడం ఎందుకు, నిజంగానే అలా అనిపించింది. గ్లాసులో నీళ్ళు అయిపోయాక కూడా పట్టుకునే కూర్చున్నాను. ఆమె నన్ను బతిమాలలేదు, కనీసం నావైపు చూడను కూడా లేదు. బల్ల మీది పెన్‌డ్రైవు తీసి మళ్ళీ మెళ్ళో వేసుకుంటోంది.

"చెరిపింది నేనేనండీ" అన్నాను.

ఇక్కడ మీరనుకుంటారు, ముసలాయన నిజం చెప్పాడు, కథ సుఖాంతం అని. వాళ్ళు నమ్మలేదండీ!

"మాస్టారూ, మీది జాలిగుండె. ఆడపిల్ల ఉద్యోగం పోతుందని నెత్తిన వేసుకుంటున్నారు" అన్నారు సెక్రటరీ గారు.

"పొద్దున్న కాగితాలు తెచ్చింది మీరే, ఇప్పుడు మాట మార్చేది మీరే. ఇదేం పద్ధతండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నేను ఒక్కో తలుపూ, ఒక్కో కాపలా విప్పి చెప్తున్నకొద్దీ వాళ్ళ మొహాలు ఇంకా బిగుసుకున్నాయి. కాసేపటికి సెక్రటరీ గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఇద్దరూ కూడబలుక్కున్నట్టుందే" అన్నారు. వారం రోజులు నేను నీళ్ళు పోసి పెంచిన అనుమానం కదా, ఇక నా మాట కూడా దానికి లోకువైపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో చెప్పలేను.

"ల్యాబుకి రండి" అన్నాను.

అందరం వెళ్ళాం. అక్కడే ఉన్న ముప్ఫైమంది పిల్లలూ గోడలవెంట నిలబడ్డారు, పొమ్మన్నా పోలేదు. కొత్త పరీక్ష గది కట్టాను. దానికీ నా సొంత ఇంటికీ తలుపు పెట్టాను. పదిహేనేళ్ళ నోట్సు, ల్యాబు మ్యాపులు, నేను రాసిన ప్రోగ్రాములన్నీ తెర నిండా వరసకట్టాయి. పక్క కంప్యూటర్లో ఆ ఇంట్లోకి వెళ్ళి, లాగౌట్ అవకుండా వదిలేశాను.

"ఇప్పుడు ఆవిడ కీబోర్డు ముట్టుకోదు. నేనూ ముట్టుకోను. మీరే నొక్కండి" అన్నాను సెక్రటరీ గారితో.

ఆయన ఉంగరం వేలితో ఎంటర్ కొట్టారు. 'పని పూర్తయింది' అని వచ్చింది. నా ఇల్లు తెరిచి చూపించాను. ఏమీ లేదు. ఆయనకి మెషీను మీద అనుమానం పోక, "ఇంకోసారి చెయ్యండి" అన్నారు. "చెరపడానికి ఇంకేం మిగల్లేదండీ" అన్నాను.

"కంచే చేను మేసిందన్నమాట" అన్నారాయన చివరికి. పిల్లల్లో ఎవరూ నవ్వలేదు.

మళ్ళీ గదికి వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం చింపి బుట్టలో వేశారు. టీ తెప్పించారు. "పొరపాట్లు మామూలే. బయట ఎవరూ మాట్లాడకండి, కాలేజీ పరువు" అన్నారు. పిల్లలకి ప్రాజెక్టు గడువు పదిరోజులు పెంచారు. ఆమె టీ తాగలేదు.

ల్యాబుకి తిరిగి వెళ్తుంటే ఆమె అడిగింది. "నొక్కించే ముందు మీ ఫైళ్ళకి కాపీ తీసుకున్నారు కదాండీ సార్?"

ఈమెకీ నా జబ్బు అంటిందా అనుకున్నాను. "తీసుకున్నానమ్మా" అని ఒప్పుకున్నాను. మీకు కూడా ఒప్పుకుంటున్నాను, లేకపోతే నేనేదో త్యాగం చేశానని మీరు అనుకోగలరు.

"తప్పైపోయిందమ్మా. నన్ను క్షమించు" అన్నాను అక్కడే, వరండాలో.

"నాకు చెప్తే ఏం లాభం సార్?" అంది. "నేను చేయలేదని నాకు ముందే తెలుసుగా."

కోపంగా అనలేదు. లెక్కల్లో తప్పు చూపించినట్టు అంది. గదిలో తలుపులు వేసుకుని కాగితం చింపితే ఆమె ఉద్యోగం నిలబడింది. లాప్‌టాప్‌లు మూసేసినవాళ్ళకి, క్యాంటీనుకి మారిన మేడములకి, ఇంకా బంటుమిల్లి బస్సులో మాట మోసుకెళ్ళిన వాళ్ళకి ఏం తెలుసు? నేను ఆమె గురించి చెప్పింది అందరికీ చేరింది. తప్పు నాదని చెప్పింది మాత్రం నాలుగు గోడల మధ్య.

సర్వర్లో ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఎవరు లాగిన్ అయినా ముందు అందులో ఉన్నదే తెర మీద వస్తుంది. మేం దాన్లో సెలవులూ, పరీక్ష తేదీలూ పెట్టేవాళ్ళం. ఆ సాయంత్రం గుడివాడ బస్సు వదిలేసి కూర్చుని అందులో ఇలా రాశాను:

'ఈ పరీక్షల్లో మీ ఫైళ్ళు పోవడానికి కారణం నేను. ఆ స్క్రిప్టు రాసింది నేను. సరిచూడకుండా వదిలింది నేను. నా తప్పుకి వేరొకరిని అనుమానించి, ఆ అనుమానం మీ అందరికీ అంటించింది కూడా నేనే. మన ల్యాబ్ ప్రోగ్రామరు ఏ తప్పూ చేయలేదు. తప్పెక్కడుందో కనిపెట్టింది ఆమే. ఇట్లు, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్.'

మర్నాడు పొద్దుటి నుంచి లాగిన్ అయిన ప్రతి విద్యార్థీ, ప్రతి లెక్చరరూ అది చదివాకే పని మొదలుపెట్టారు. గిలకలదిండి అమ్మాయి చదివి లేచి వచ్చింది. నా దగ్గరకి వస్తుందేమో, నాలుగు అంటుందేమో, అనిపించుకుందాం అని సిద్ధపడ్డాను. నన్ను దాటి ఆమె కుర్చీ దగ్గరకి వెళ్ళింది. "అక్కా, నిన్న నేనూ మీవైపు చూశానండీ" అంది. ఆమె పక్కనున్న స్టూలు లాగి, "కూర్చో, మీ వేలం ధరలు ఏ తేదీ దాకా ఉన్నాయో చూద్దాం" అంది.

స్క్రిప్టుని ఆమె చేతికే ఇచ్చాను. నా రెండు పనుల మధ్య ఆమె ఒక్క లైను చేర్చింది: తలుపు నిజంగా మూసుకుందో లేదో చూడు, మూసుకోకపోతే అక్కడే ఆగి గట్టిగా కేక వెయ్యి. ఈ పనిలోకి వచ్చిన మీకు నేను చెప్పగల సాంకేతిక విషయం ఆ ఒక్క లైనే. ఆమె ఉద్యోగం పర్మనెంటు ఆ ఏడాది కాలేదు, మరుసటేడు అయింది. ఒకప్పుడు నేను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఆమె ఉంది, మీలో కొందరికి పై అధికారి కూడా. అందుకే పేరు చెప్పడం లేదు.

ఆ రాసింది పెట్టిన మూడోరోజో నాలుగోరోజో, ప్రిన్సిపాల్ గారు రొప్పుకుంటూ ల్యాబుకి వచ్చారు. మర్నాడు తనిఖీకి బయటివాళ్ళు వస్తున్నారట.

"ఏంటండీ ఇది? వచ్చినవాళ్ళు లాగిన్ అయితే మన బండారమంతా చదువుతారు. తీసేయండి ముందు."

"తీయనండీ" అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆయనకి ఎదురు చెప్పడం నాకదే మొదలు.

ఆయన ఆమె వైపు తిరిగారు. "పాస్‌వర్డు నీ దగ్గర కూడా ఉందిగా? నువ్వైనా తీసెయ్యమ్మా."

ఆమె కీబోర్డు మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అది సార్ ఫైలండీ. వేరేవాళ్ళ ఫైళ్ళు నేను ముట్టుకోను."